సస్పెన్షన్ ఉత్తర్వు నుంచి బకాయిల బిల్లు దాకా: ఒక పంచాయతీ కార్యదర్శి అనుభవం

ప్రభుత్వోద్యోగి సస్పెండ్ అయితే చూసేవారికి రెండు అభిప్రాయాలు ఏర్పడతాయి. డబ్బు తిని ఉంటుంది కాబట్టే పట్టుబడిందని ఒకటి, పని చెప్పకుండా ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇస్తున్నారని రెండోది. మొదటిది నా విషయంలో నిజం కాదని 2025 మార్చిలో రాతపూర్వకంగా తేలింది. రెండోది చాలావరకు నిజమే. అయితే ఆ డబ్బు ఎలా వస్తుందో, ఎన్నాళ్లకు వస్తుందో, విచారణ ఎక్కడెక్కడ ఆగుతుందో అనుభవించినవారికి తప్ప తెలియదు కనుక, ఇదే దారిలో ఉన్న మరొకరికి పనికి వస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఒక గ్రామ పంచాయతీకి కార్యదర్శిని. 2023 అక్టోబరులో మా పంచాయతీ లెక్కల తనిఖీ జరిగింది. ఇంటి పన్ను రసీదు పుస్తకాల ప్రకారం వసూలైన మొత్తానికీ, ట్రెజరీలో మా పంచాయతీ ఖాతాకు జమ పడిన మొత్తానికీ 27,450 రూపాయల తేడా వచ్చింది. ఆ డబ్బు నేనే చలానా తీసి బ్యాంకులో కట్టానని, చలానా నకలు కార్యాలయం బీరువాలో ఫైలులో ఉండాలని తనిఖీకి వచ్చిన అధికారికి చెప్పాను. ఆ రోజు ఫైలు దొరకలేదు. వెతికి చూపిస్తానని రాసి ఇచ్చాను. వెతికే లోపే, నవంబరు రెండో వారంలో, సస్పెన్షన్ ఉత్తర్వు చేతికి వచ్చింది.

ఉత్తర్వు ఒకటిన్నర పేజీ. సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమావళిలోని ఎనిమిదో నియమం కింద నన్ను తక్షణం సస్పెండ్ చేసినట్టు, విచారణ ముగిసేవరకు అది అమల్లో ఉంటుందని, ఆ కాలంలో మండల కేంద్రమే నా హెడ్‌క్వార్టర్స్ అని, అనుమతి లేకుండా అది విడిచి వెళ్లరాదని ఉంది. ఎప్పటిలోగా విచారణ ముగిస్తారన్న మాట అందులో లేదు. తాళాలు, రసీదు పుస్తకాలు, నగదు పుస్తకం పక్క పంచాయతీ కార్యదర్శికి అప్పగించి సంతకం పెట్టాను. బీరువా తాళం కూడా ఆ అప్పగింతలో పోయింది. అంటే నా నిజాయితీని నిరూపించే కాగితం ఎక్కడుందో తెలిసి కూడా అక్కడికి వెళ్లి తీసుకునే హక్కు ఆ సాయంత్రం నుంచి నాకు లేదు. సస్పెండ్ అయ్యేవారికి నేను మొదట చెప్పేది ఇదే: అప్పగింత జాబితాలో ప్రతి ఫైలు పేరు, పేజీల సంఖ్యతో సహా రాయించి ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. తరువాత ఆ జాబితా ఒక్కటే మీకు సాక్ష్యం అవుతుంది.

మరుసటి రోజుకే ఊరంతా తెలిసింది. పింఛను కోసం నెలనెలా మా దగ్గరకు వచ్చే ఒక పెద్దావిడ సంతలో ఎదురై, "ఏందమ్మా, నిన్ను తీసేసినారంటనే, ఎంత పోయిందంట?" అని అడిగింది. ఆమె మాటలో చెడు ఉద్దేశం లేదు. కానీ "ఎంత" అన్న మాట చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. మా అత్తయ్య మాత్రం ఇంటికి వచ్చిన ప్రతివారికీ, "మా కోడలు కట్టిన డబ్బే, కాగితం దొరకలా, అంతే" అని అడగకపోయినా చెప్పేది.

ఇక డబ్బు సంగతి. సస్పెన్షన్‌లో ఉన్నవారికి ఇచ్చేది జీతం కాదు, జీవన భృతి. ఫండమెంటల్ రూల్స్‌లో 53వ నియమం ప్రకారం మొదట సగం జీతపు సెలవులో వచ్చేంత మొత్తం, దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం ఇస్తారు. నాకు అంతకుముందు కోతలకు ముందు దాదాపు 51,000 వచ్చేది. ఇప్పుడు 27,000 చిల్లర వస్తుందని లెక్క తేలింది. బ్యాంకు గృహరుణం కంతు 14,500. పాప ఎనిమిదో తరగతి ఫీజు రెండో విడత డిసెంబరులో కట్టాలి. లెక్క వేసుకుంటే గడుస్తుందనే అనిపించింది.

గడవనిది ఎందుకంటే, ఆ సగం కూడా నెలాఖరుకు దానంతట అది రాదు. సస్పెన్షన్ ఉత్తర్వు వేరు, జీవన భృతి మంజూరు ఉత్తర్వు వేరు. మంజూరు ఉత్తర్వు వస్తే గాని బిల్లు పెట్టలేమని మా డీడీఓ (జీతాల బిల్లులు పెట్టే అధికారి) కార్యాలయంలో చెప్పారు. మంజూరు కోసం జిల్లా కార్యాలయానికి లేఖ రాయాలి, ఆ లేఖ కూడా మండల కార్యాలయం ద్వారానే పోవాలి. దానితో పాటు ప్రతి నెలా నేను మరే ఉద్యోగమూ, వ్యాపారమూ, వృత్తీ చేయడం లేదని ఒక ధ్రువపత్రం సంతకం చేసి ఇవ్వాలి. అది లేకుండా బిల్లు కదలదు. నవంబరు నెల భృతి నా ఖాతాలో ఫిబ్రవరి మూడో వారంలో, డిసెంబరు, జనవరి నెలలతో కలిపి పడింది. ఆ మూడు నెలలూ నా నాలుగు గాజులు కోఆపరేటివ్ బ్యాంకులో ఉన్నాయి.

ఆ ధ్రువపత్రం గురించి కొంచెం చెప్పాలి. మా ఆయనకు మండల కేంద్రంలో ఎరువుల దుకాణం ఉంది. ఉద్యోగం చేస్తున్నప్పుడు కూడా సాయంత్రాలు నేను అక్కడికి వెళ్లి, ఆయన గోదాముకు పోయి వచ్చేదాకా కూర్చునేదాన్ని. ఇప్పుడు రోజంతా ఖాళీ. కానీ ఎవరైనా ఫోటో తీసి, సస్పెన్షన్‌లో ఉండి వ్యాపారం చేస్తున్నదని ఒక అర్జీ పెడితే భృతి ఆగిపోవడమే కాదు, మరో ఛార్జి వచ్చి పడుతుందని యూనియన్‌లో పెద్దలు గట్టిగా హెచ్చరించారు. అందుకని దుకాణం మెట్టు ఎక్కడం మానేశాను. మధ్యాహ్నం క్యారియర్ కూడా పాప చేతనే పంపేదాన్ని. పని చేయగలిగిన మనిషిని పని చేయనివ్వకుండా ఆపి, ఆపినందుకు డబ్బు ఇచ్చే పద్ధతిలో ఎవరికి మేలు ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అందులో నాకూ గౌరవం లేదు, పన్ను కట్టే గ్రామస్థుడికీ లాభం లేదు.

హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదన్న షరతు కూడా కాగితం మీద చదివినంత తేలిక కాదు. జనవరిలో కనిగిరిలో మా అమ్మ జారిపడి చేయి విరిగింది. వెళ్లడానికి అనుమతి కోరుతూ అదే రోజు లేఖ ఇచ్చాను. అనుమతి వచ్చేసరికి అమ్మకు కట్టు విప్పే వేళయింది. ఆ రోజుల్లో మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, రాత్రికి వచ్చి తెల్లారేసరికి వెళ్లిపో, ఎవరు చూస్తారు?" అన్నాడు. వెళ్లలేదు. ఆ విషయంలో అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఛార్జి మెమో, అంటే ఆరోపణ పత్రం, 2024 ఫిబ్రవరి చివరలో వచ్చింది. అంటే సస్పెన్షన్ అయిన మూడు నెలలు దాటాక. నాలుగు అనుబంధాలు: ఆరోపణ, దాని వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా. ఆరోపణ ఒక్కటే, అదే 27,450. పది రోజుల్లో రాతపూర్వక సమాధానం ఇమ్మన్నారు. మా జిల్లాలోనే సూపరింటెండెంటుగా రిటైరైన ఒక పెద్దాయన నాకు రక్షణ సహాయకుడిగా, అంటే విచారణలో నా తరఫున మాట్లాడడానికి, ఒప్పుకున్నారు. ఆయన మెమో రెండుసార్లు చదివి, "అమ్మాయ్, నువ్వు దీనికి పెద్ద సమాధానం రాయొద్దు. ఆరోపణ ఒప్పుకోవడం లేదని రాసి, ఆ తేదీన బ్యాంకు నుంచి ట్రెజరీకి వెళ్లిన స్క్రోలు, అదే జమల జాబితా, తెప్పించమని అడుగు. మిగతాది ఆ కాగితమే చెబుతుంది" అన్నారు. అలాగే రాశాను.

మార్చి మధ్యలో విచారణాధికారిని నియమించారు. అదే వారంలో, మార్చి 16న, ఎన్నికల షెడ్యూలు వచ్చి కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ తరువాత మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు ముగిసేవరకు మా ఫైలు పేరెత్తినవారు లేరు. దానికి నేను ఎవరినీ తప్పుపట్టను. ఆ అధికారి రాత్రింబవళ్లు పోలింగు కేంద్రాల ఏర్పాట్లలో ఉన్నారు. కానీ ఎన్నికల పనికి ప్రతి శాఖలోనూ మనుషులు తక్కువైన ఆ రెండు నెలలూ ప్రభుత్వం నాకు భృతి ఇచ్చి ఇంట్లో ఉంచింది. ఎన్నికల ముందు వేరే జిల్లా నుంచి వచ్చిన ఆ విచారణాధికారి, ఎన్నికలయ్యాక సొంత జిల్లాకు తిరిగి వెళ్లిపోయారు. ఒక్క వాయిదా కూడా జరగకుండానే విచారణాధికారి మారారు.

ఈ మధ్యలో జరిగిన మేలు ఒకటుంది. సస్పెన్షన్‌లో మొదటి కొన్ని నెలలు దాటాక, ఆలస్యానికి ఉద్యోగి కారణం కాకపోతే భృతిని అందులో సగం మేరకు పెంచవచ్చు. ఉద్యోగే కారణమైతే అంత మేరకు తగ్గించవచ్చు కూడా. పెంపు కోరుతూ నేను లేఖ పెట్టాను. ఏప్రిల్ నుంచి వర్తించేలా మంజూరైంది, నెలకు 39,000 దాకా వచ్చింది. ఇది అడగకుండా రాదు. నాకు తెలిసిన ఇద్దరు ఉద్యోగులు ఏడాదికి పైగా సగంతోనే గడిపారు, అడగవచ్చని వారికి ఎవరూ చెప్పలేదు.

మే నెలలో విజయవాడలో ఒక న్యాయవాదిని కలిశాను, దానికి ముందుగా అనుమతి తీసుకునే వెళ్లాను. 2020లో మన రాష్ట్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ రద్దయ్యాక ఉద్యోగుల సర్వీసు వివాదాలకు నేరుగా హైకోర్టే దిక్కు. ఆయన ద్వారానే నాకు అజయ్ కుమార్ చౌదరి కేసు గురించి వివరంగా తెలిసింది. 2015లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో, మూడు నెలల్లో ఛార్జి మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ ఆపైన కొనసాగరాదని, ఇస్తే కొనసాగింపుకు కారణాలు చూపుతూ ఉత్తర్వు ఇవ్వాలని చెప్పింది. అంతకంటే నాకు నచ్చిన మాట మరొకటి ఉంది: ఉద్యోగి సాక్ష్యాలను తారుమారు చేస్తాడనే భయం ఉంటే, ప్రభుత్వం అతన్ని ఏ శాఖకైనా, ఏ కార్యాలయానికైనా బదిలీ చేయవచ్చు. సస్పెన్షన్‌కు బదులు అది చేసి ఉంటే నేను ఆ మొదటి వారం నుంచే ఎక్కడో ఒకచోట జనన మరణాల రిజిస్టరైనా రాస్తూ ఉండేదాన్ని. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నియమాల్లో సస్పెన్షన్‌ను 90 రోజుల్లోగా సమీక్షించి పొడిగించకపోతే అది దానంతట అదే చెల్లకుండా పోతుంది, ఒక్కోసారి పొడిగింపు 180 రోజులకు మించదు. రాష్ట్రంలో మాకు సమీక్ష చేయమని ఉత్తర్వులున్నాయి గాని, చేయకపోతే సస్పెన్షన్ దానంతట అది పోదు. విచారణలకు కూడా, సులువైన కేసు మూడు నెలల్లో, చిక్కు కేసు ఆరు నెలల్లో ముగించాలని 2008లోనే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. నాది ఒక్క చలానా కేసు. దీనికంటే సులువైనది ఉంటుందనుకోను.

న్యాయవాది ఫీజు, టైపు ఖర్చు, ఇతర ఖర్చులు కలిపి 25,000 అయ్యాయి. మా ఆయన దుకాణం సరుకు డబ్బులోంచి ఇచ్చారు. వేసవి సెలవులు ముగిశాక జూన్‌లో పిటిషను వేశారు. జూలై మొదటి వారంలో, నా సస్పెన్షన్ కొనసాగింపును నాలుగు వారాల్లో సమీక్షించి తగిన ఉత్తర్వు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. చాలామంది కోర్టుకు వెళ్తే సస్పెన్షన్ రద్దవుతుందని ఆశపడతారు. ఎక్కువసార్లు వచ్చేది ఇలాంటి ఆదేశమే. అయినా అది పనిచేసింది. ఆగస్టు మొదట్లో, విచారణకు భంగం లేకుండా నన్ను విధుల్లోకి తీసుకుంటూ ఉత్తర్వు వచ్చింది. పోస్టింగు ఉదయగిరి దాటాక ఒక పంచాయతీలో. రోజూ తిరగడం కుదరక అక్కడే గది తీసుకున్నాను. చేరిన రోజు హాజరు పట్టీలో సంతకం పెడుతుంటే చేయి వణికింది. పక్కనున్న ఇంజనీరింగ్ అసిస్టెంటు అది చూసి, "కూర్చోండి మేడం, నీళ్లు తెప్పిస్తాను" అన్నాడు, ఇంకేమీ అడగలేదు. ఆ అబ్బాయికి నేను రుణపడి ఉన్నాను.

విచారణ సెప్టెంబరులో మొదలైంది. కొత్త విచారణాధికారి పద్ధతైన మనిషి. మేము అడిగిన స్క్రోలు తెప్పించారు. రెండో వాయిదాలో ప్రభుత్వం తరఫున ఆధారాలు చూపే ప్రెజెంటింగ్ ఆఫీసరు ఆ కాగితం బల్ల మీద పెట్టారు. బ్యాంకు ముద్ర ఉన్న పొడవాటి ప్రింటు, వరుసగా చలానా నంబర్లు, మొత్తాలు, ఖాతా కోడ్లు. మా సహాయకుడు చేతిలోని స్కేలు అడ్డం పెట్టి ఒక్కో వరుసా దించుకుంటూ వచ్చి ఒకచోట ఆపారు. 27,450. తేదీ సరిపోయింది. చలానా నంబరు నేను సమాధానంలో రాసిన నంబరే. ఖాతా కోడ్‌లో చివరి అంకె మాత్రం వేరు. మా పంచాయతీ, పక్క పంచాయతీ ఒకప్పుడు ఒకే పంచాయతీ; విడిపోయాక ఊరి పేరు ముందు ఒకదానికి పాత, ఒకదానికి కొత్త అని చేరింది, కోడ్లు పక్కపక్కనే ఉంటాయి. నేను కట్టిన డబ్బు జమ చేసేచోట పక్క పంచాయతీ ఖాతాలో పడింది. ఏడాదిగా ప్రభుత్వ ఖజానాలోనే భద్రంగా ఉంది. అప్పగింత జాబితా చూపించి బీరువా తెరిపిస్తే చలానా నకలు కూడా దొరికింది, అందులో మా పంచాయతీ కోడే ఉంది.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు సంతోషం కంటే కోపమే ముందు వచ్చింది. సాయంత్రం వరకు పట్టని ఈ పని తనిఖీ జరిగిన వారమే ఎవరైనా చేసి ఉంటే సస్పెన్షన్ అవసరమే పడేది కాదు. ఈ ఆలోచన ఇప్పటికీ వస్తుంది, వచ్చినప్పుడల్లా ఆ తొమ్మిది నెలల్లో పాప స్కూల్లో స్నేహితులకు ఏం చెప్పి ఉంటుందో అనిపిస్తుంది. ఎన్నడూ నాతో అనలేదు.

ఆ తరువాత కాగితాల నడక నిదానంగా సాగింది. నవంబరులో విచారణ నివేదిక, ఆరోపణ రుజువు కాలేదని. డిసెంబరులో దాని నకలు నాకు ఇచ్చారు. 2025 మార్చిలో ఆరోపణలు ఉపసంహరిస్తూ, సస్పెన్షన్ కాలాన్ని అన్ని విధాలా విధి నిర్వహణగా పరిగణిస్తూ తుది ఉత్తర్వు వచ్చింది. ఈ చివరి వాక్యం ఉందో లేదో తప్పకుండా చూసుకోవాలి. అది లేకపోతే ఆ కాలం ఇంక్రిమెంటుకు లెక్కకు రాకపోవచ్చు, పూర్తి బకాయీ రాకపోవచ్చు. మా సహాయకుడు మొదట వెతికింది ఆ వాక్యమే.

బకాయి, అంటే పూర్తి జీతంలోంచి ఇచ్చిన భృతి మినహాయించిన మొత్తం, లక్షా యాభై వేల పైచిలుకు. అది జూలైలో ఖాతాలో పడింది. మధ్యలో సర్వీసు రిజిస్టరులో ఉత్తర్వు నమోదు కావాలి, వాయిదా పడిన ఇంక్రిమెంటు వేసి జీతం తిరిగి స్థిరపరచాలి, పాత కార్యాలయం నుంచి ఎంత ఇచ్చారో ధ్రువపత్రం రావాలి. ఒకసారి బిల్లు ట్రెజరీ నుంచి వెనక్కి వచ్చింది, భృతి పెంచిన ఉత్తర్వు నకలు జత చేయలేదని. ఇంకొక సంగతి: బకాయి అంతా ఒకే ఏడాది చేతికి రావడంతో పన్ను పెరగవచ్చు. నాకు అప్పుడు వర్తించిన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 89వ సెక్షను కింద ఉపశమనం ఉండేది, రిటర్నుకు ముందే 10ఈ ఫారం ఆన్‌లైన్‌లో నింపాల్సి ఉండేది. మా దగ్గర బిల్లులు చేసే గుమాస్తాకు కూడా ఇది తెలియదు.

ఒక రాత్రి కూర్చుని మొత్తం లెక్క వేశాను. నేను ఒక్క రోజు కూడా పని చేయని ఆ కాలానికి ప్రభుత్వం చివరికి నాకు ఇచ్చింది నాలుగు లక్షల నలభై వేలకు దగ్గర. వివాదం 27,450 గురించి. ఇందులో నా వకీలు ఖర్చు, గాజుల మీద వడ్డీ లేవు, అవి ఎవరూ తిరిగి ఇవ్వరు. జీవన భృతి ఆపమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది ఆపితే మనిషి తన కేసు తాను నడుపుకోలేడు. 1999లో పాల్ ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు, భృతి ఇవ్వక ఉద్యోగి విచారణకు రాలేకపోతే ఆ విచారణే చెల్లదన్నది. హద్దు పెట్టవలసింది భృతికి కాదు, సస్పెన్షన్‌కు. మూడు నెలల్లో ఛార్జి మెమో ఇవ్వలేకపోతే మనిషిని వేరే చోట పనిలో పెట్టాలి, విచారణ దాని దారిన అది సాగాలి. నిజంగా తిన్నవాడు ఆరేడేళ్లు భృతి తీసుకుంటూ రిటైరయ్యే వీలు కూడా అప్పుడు ఉండదు.

ఈ మాటలే రాసి, కేంద్ర నియమాల్లో ఉన్న 90 రోజుల నిబంధన మన నియమావళిలోనూ చేర్చాలని కోరుతూ, ఆగస్టులో యూనియన్ ద్వారా ఒక వినతిపత్రం పంపాము. జిల్లా నుంచి పదకొండు మంది సంతకాలు చేశారు. అందులో నలుగురు ఇంకా సస్పెన్షన్‌లోనే ఉన్నారు, వారిలో ఒకరికి ఇంతవరకు ఛార్జి మెమో అందలేదు. వినతిపత్రం అందినట్టు రసీదు వచ్చింది. దాని నంబరు నా డైరీలో రాసి పెట్టుకున్నాను, నెలనెలా అడుగుతున్నాము.